కారణం అనే గడి

వల్దివియాలో మనిషి కంటే ముందు వాన
కౌంటరు దగ్గరికొస్తుంది.
పదమూడేళ్ళుగా ఈ అద్దం వెనక
తడిసిన దరఖాస్తులు ఆరబెట్టి
ముద్ర వేయడం నా పని.

రాయెన్ కన్యుపాన్. అడవుల ఇంజనీరింగు, రెండో ఏడు.
ఊరు కొర్రాల్, అఖాతానికి అవతల.
మొదటిసారి వచ్చినప్పుడు
గణాంకశాస్త్రం పక్కన తేనెటీగల పెంపకం చేర్చమంది.
చేర్చాను.
పది రోజులకు సైగల భాష.
ఆ వారమే తెడ్లు వేసే జట్టు.
ఆదివారాలు ఖాళీ అని మట్టిపాత్రలు.

మా ఫారంలో "కారణం" అని ఒక గడి ఉంటుంది,
బొటనవేలంత.
అందరూ "ఆసక్తి" అని రాసేసి పోతారు.
ఈమె అంచుల్లోకి, వెనక్కి,
నా ముద్ర పడాల్సిన చోటుకి కూడా
రాసుకుంటూ పోయింది.

సైగలు ఎందుకంటే,
రేవులో టికెట్లు చింపే ఆయనకు వినపడదు.
ఏడేళ్ళుగా చెయ్యి ఊపుతున్నాను, అంతే.
ఒక్కసారైనా మాట్లాడాలి.
తేనెటీగలు ఎందుకంటే,
ఉల్మో చెట్టు ఏ నెలలో పూస్తుందో పరీక్షలో రాశాను గానీ
పూసినప్పుడు దాని దగ్గరికి ఎవరొస్తారో చూడలేదు.
మట్టిపాత్రలు ఎందుకంటే...
అక్కడ మూడు లైన్లు కొట్టేసి ఉన్నాయి.
కింద చిన్నగా:
బట్టీ దగ్గర వెచ్చగా ఉంటుంది.

మా పై అధికారి డోన్యా ఓర్తెన్సియా
కళ్ళజోడు మీదుగా చూసింది.
"పది చోట్ల పదేసి అడుగులు తవ్వితే
నీళ్ళు పడవమ్మాయ్."
రాయెన్ కిటికీలోంచి బయటకు చూసింది.
చూరు నుంచి ధార. మెట్ల మీద మడుగు.
చేపల బజారు వెనక నీటిసింహాలు
తమ ఇల్లే అన్నట్టు ఆవులిస్తున్న ఊరు.
"ఇక్కడ ఎక్కడ గునపం దించినా నీళ్ళేనండీ."
నవ్వు ఆపుకోలేక నేను
సిరా పెట్టె మూత తీసి, మళ్ళీ మూశాను.

చెప్పొద్దూ, లోపల నాకూ గుబులే.
రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాళ్ళను
ఈ కౌంటరు దగ్గర చాలామందిని చూశాను.
ఈమెకు అయిదు పడవలు.

అనుకున్నట్టే జూలైలో గణాంకాలు తప్పింది.
నాలుగు రావాలి, వచ్చింది మూడూ పాయింట్ రెండు.
ఆ మధ్యాహ్నమే తెడ్ల జట్టులో పేరు కొట్టించుకుంది,
మట్టి పని కూడా.
ఫారం జరిపిన అరచేతిలో
కాయలింకా మానలేదు.
బాధగా ఉందా అనడగడం నా ఉద్యోగంలో లేదు.
అడిగాను.
"పడవలో నా వెనక కూర్చున్న పిల్ల అలిసిపోతే
తల తిప్పకుండానే ఊపిరి బట్టి తెలిసేది.
అది ఈ కాగితంతో పోదు కదా" అంది.
తర్వాత ముక్కు చీదింది,
చాలాసేపు.

తేనెటీగల్ని మాత్రం వదల్లేదు.
మిగిలిన చలికాలమంతా వారం వారం
తేనెపెట్టెలు తూచింది.
అవి ఎలా తేలికైపోతున్నాయో
గళ్ళ నోట్‌బుక్కులో చుక్కలు పెట్టి,
చుక్కల మధ్య గీత గీసి,
ఆ గీతను పట్టుకుని మళ్ళీ పరీక్షకెళ్ళింది.
నాలుగూ పాయింట్ ఒకటి.
మార్కుల కాగితం మీద పొగ వాసన.

మొన్న శనివారం మా చెల్లెలింటికని
కొర్రాల్ పడవ ఎక్కాను.
టికెట్లు చింపే ఆయన
నా చేతిలో సగం ముక్క పెట్టి
వేళ్ళతో ఏదో అన్నాడు.
ప్రశ్నేనని తెలిసింది. ఏం ప్రశ్నో తెలియలేదు.
ఆ పాఠం పేరు మీద
పదమూడేళ్ళు ముద్ర వేసినవాణ్ణి,
అఖాతం మధ్యకు వచ్చేదాకా
చేతులు జేబుల్లోనే ఉంచుకున్నాను.

ఇవాళ కొత్త ఫారాల నమూనా
అచ్చుకు పంపాలి.
స్కేలు తీసుకుని "కారణం" గడిని
నాలుగు వేళ్ళ వెడల్పు చేశాను.
ఓర్తెన్సియా ఎందుకని అడిగితే ఏం చెప్పాలో
ఇంకా ఆలోచించలేదు.